పెద్దోడు పేర్చిన కట్టెలు

అతనికి అరవై ఎనిమిదేళ్ళు. అయినా అందరూ చిన్నోడనే పిలుస్తారు. అతనికంటే మూడేళ్ళు పెద్దవాడైన అన్న ఒకడుండేవాడు. ఆయన పెద్దోడు కాబట్టి ఇతను చిన్నోడయ్యాడు. పెద్దోడు పోయి పద్నాలుగు నెలలైంది. చిన్నోడు మాత్రం చిన్నోడిగానే ఉండిపోయాడు.

అన్నదమ్ములిద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. చేసేవాళ్ళు లేక కొంత, తీరిక లేక కొంత. యాభై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే రంపానికి చెరో వైపూ నిలబడి, పొయ్యి కట్టెలు కోసుకుని బతికారు. దుంగ కోయడం ఇద్దరి పని. గొడ్డలితో చీల్చడం చిన్నోడి పని. చీల్చినవాటిని పెరట్లో గోడ వారన దొంతరగా పేర్చడం పెద్దోడి పని. మాట్లాడడం కూడా పెద్దోడి పనే. పలకరింపైనా, పోట్లాటైనా ఇద్దరి తరఫునా ఆయనే కానిచ్చేవాడు. చిన్నోడు పక్కన నిలబడి తలూపేవాడు. "మావాడి నోట్లో నాలుక ఉందో లేదో ఇన్నేళ్ళలో నేనూ చూళ్ళేదు" అని పెద్దోడు నలుగురినీ నవ్వించేవాడు. చిన్నోడూ నవ్వేవాడు. తనకు బాగానే ఉండేది. మాట్లాడే బాధ తప్పేది.

ఊరందరితో గంటలు గంటలు మాట్లాడే ఆ మనిషి ఇంట్లో తమ్ముడితో మాత్రం ముక్కలు ముక్కలుగా మాట్లాడేవాడు. "అది అక్కడ పెట్టు. ఇది ముట్టుకోకు. కట్టెల దగ్గర కూచుని తినకు, లోపలికి పో." ఎందుకని అడిగితే, "ఎందుకేంట్రా, చెప్పింది చెయ్యి" అనేవాడు. అంతే. చిన్నోడు చెప్పింది చేసేవాడు. అన్నకి పెత్తనం సరదా, పోనీలే అనుకునేవాడు.

ఇప్పుడు కట్టెలు కొనేది ఒక్క బేకరీవాళ్ళే. మిగతావాళ్ళందరూ గ్యాసుకి మారిపోయారు. రోజూ పొద్దున్నే ఆరింటికి తోపుడు బండి నిండా కట్టెలు వేసుకుని చిన్నోడు బేకరీ వెనక సందులోకి వెళతాడు. కట్టెలు దింపి పొయ్యి పక్కన పేరుస్తాడు. అక్కడ అతనికి ఒక గ్లాసు టీ ఇస్తారు. బేకరీ ఆవిడ ఏదో ఒకటి అడుగుతుంది, పొయ్యి దగ్గరుండే పనివాడు, అందరూ మసి అని పిలిచేవాడు, ఏదో ఒకటి అంటాడు. వెళ్ళేముందు ఆవిడ ముందురోజు మిగిలిన తీపి బన్నులు రెండు కాగితంలో చుట్టి చేతిలో పెడుతుంది. రోజు మొత్తం మీద మనుషులు అతనితో మాట్లాడేది ఆ పావుగంటే. ఇంటికొచ్చాడంటే ఇక చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది.

ఆ బన్నులు రెండెందుకంటే, అన్నదమ్ములు ఇద్దరు కాబట్టి. పెద్దోడు పోయాక కూడా ఆవిడ రెండే చుట్టేది. చెయ్యి అలవాటు అది. ఒకటి చాలని చెబుదామని చిన్నోడు మొదట్లో అనుకున్నాడు. అది చెప్పాలంటే ఇంకోటి కూడా చెప్పాలి. నోరు రాలేదు. రెండూ తెచ్చుకుని రెండూ తానే తింటున్నాడు.

ఆ రోజు మంగళవారం. బండి సందులో నిలిపి తాడు విప్పుతుంటే ఆవిడ లోపల్నుంచి పిలిచింది.

"చిన్న మావయ్యా, ఒకసారి ఇట్రా."

చుట్టరికమేమీ లేదు. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఎవరిని ఏమని పిలవాలో తెలియక, వచ్చే పోయే పెద్దవాళ్ళందరినీ మావయ్యా అనేది. మిగతావాళ్ళ దగ్గర మానేసింది. వీళ్ళిద్దరి దగ్గరే ఉండిపోయింది.

బల్ల మీద పళ్ళెంలో రెండు ముక్కలుగా విరిచిన బన్నుంది. తెల్లటి గుజ్జు మధ్య ఎర్ర చీమలు పది పదిహేను, కొన్ని చచ్చి, కొన్ని ఇంకా కాళ్ళాడిస్తూ.

"నిన్న ఒకావిడ తెచ్చి నా మొహం మీద పెట్టింది. పక్కన పిల్లవాడు. వాడి పెదవి ఇంత వాచింది. మొన్న పంచదార బస్తాలో. అటు మొన్న గుడ్ల బుట్టలో. ఎక్కణ్ణుంచి వస్తున్నాయా అని తెల్లవారుజాము నుంచీ కాపలా కాశాను మావయ్యా. ఇదిగో చూడు."

పొయ్యి పక్కన నిన్న అతనే పేర్చిన కట్టెలున్నాయి. పొయ్యి వేడి తగిలేసరికి వాటి సందుల్లోంచి చీమలు బారులు కట్టి గోడ మీదుగా పిండిబల్ల వైపు పోతున్నాయి. చిన్నోడు వంగి చూశాడు. 

పొయ్యిలో నిప్పులు ఎగదోస్తున్న మసి వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"ఏం బావా, కట్టెలు తెమ్మంటే చీమల్ని తోలుకొస్తున్నావు. రేపట్నుంచి వాటికీ తలా ఒక గ్లాసు టీ పొయ్యాలా?"

"నువ్వూరుకో" అందావిడ. "మావయ్యా, నేను చెప్పేది విను. సోమవారం గ్యాసు పొయ్యి వాళ్ళు కొలతలకి వస్తామన్నారు. నేను రమ్మనలేదు. రావద్దనీ అనలేదు. మా ఆయన రెండేళ్ళ నుంచీ మారదాం మారదాం అంటూనే ఉన్నాడు. నాకే ఈ పొయ్యి వదల బుద్ధి కాక ఆపుతున్నాను. ఇలా చీమలొస్తుంటే ఇంక నేనేం చెప్పి ఆపను?"

చిన్నోడు నోరు తెరిచాడు. రెండు మాటలొచ్చాయి.

"మందు చల్లుతా."

"అదొకటి. ఈ పొయ్యిలో కట్టె కాల్చి, నిప్పులు లాగేసి, ఆ గచ్చు మీదే రొట్టె పెడతాం. నీకు తెలీనిదా? మందు చల్లిన కట్టె కాలిస్తే ఆ మందు రొట్టెకి పట్టదా? పసిపిల్లలు తినేది. మందు చల్లిన కట్టె నాకొద్దు, చీమలున్నదీ వద్దు. ఏం చేస్తావో నాకు తెలీదు. సోమవారం దాకా చూస్తాను."

అంత కోపంలోనూ వెళ్ళేటప్పుడు బన్నులు రెండూ చుట్టి ఇచ్చింది.

మసి సందు దాకా వచ్చాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ గొంతు తగ్గించాడు.

"పెద్ద బావ ఉన్నన్నాళ్ళూ ఒక్క చీమ వచ్చిందా? రాలేదు. ఆయన ఏం చేసేవాడో అదే చెయ్."

"ఏం చేసేవాడు?"

"నన్నడుగుతావేంటి! ఇంట్లో ఉన్నది నువ్వా నేనా?"

చిన్నోడు బండి తోసుకుంటూ ఇంటికొచ్చాడు. దారి పొడుగునా అదే మాట చెవిలో ఇల్లు కట్టుకుని కూర్చుంది. యాభై ఏళ్ళు పక్కనే ఉన్నాడు. అన్న ఏం చేసేవాడో తనకి తెలియదు. తన చూపెప్పుడూ గొడ్డలి మీదే ఉండేది. వెనక దొంతర పెరుగుతూ ఉండేది. అది ఎలా పెరుగుతోందని ఏనాడూ తిరిగి చూడలేదు.

ఇల్లంటే ఒక గది, వంటకి ఒక మూల, వెనక పెరడు. గదిలో రెండు మంచాలు, మోకాళ్ళు తగిలేంత ఇరుకు బల్ల ఒకటి, దానికి అటొక స్టూలు ఇటొక స్టూలు. పెద్దోడు పోయిన వారం రోజులకే చిన్నోడు ఆ బల్ల దగ్గర తినడం మానేశాడు. ఎదుటి స్టూలు మీద ఎవరూ లేకుండా ముద్ద దిగేది కాదు. పళ్ళెం పట్టుకుని పెరట్లోకి వచ్చి కట్టెల దగ్గర కూర్చునేవాడు. వద్దనడానికి ఎవరున్నారు?

కూర్చునేది కూడా ఎక్కడో కాదు. దొంతరకి తూర్పు చివర నాలుగడుగుల మేర పెద్దోడు ఆఖరిసారి పేర్చిన కట్టెలున్నాయి. ఒక సాయంత్రం అవి పేర్చి, చేతులు దులుపుకుని, గుండెలో ఏదో పట్టేసినట్టుందిరా అన్నాడు. మూడో రోజుకి లేడు. ఆ నాలుగడుగులూ చిన్నోడు ముట్టుకోలేదు. కొత్తగా చీల్చినవి దాని పక్కనుంచి పేర్చుకుంటూ పోయాడు, బేకరీకి తీసేవి కూడా ఆ కొత్తవాటిలోంచే తీశాడు. తూర్పు చివర మాత్రం అలాగే నిలిచింది. సాయంత్రాలు దానికి వీపానించి కూర్చుని ఒక బన్ను తింటాడు, కాసేపాగి రెండోది తింటాడు. పొడి రాలుతుంది. చేత్తో దులుపుకుంటాడు. ఆ దులుపుకోవడం గురించి అతనెప్పుడూ ఆలోచించలేదు. దాని గురించి ఆలోచించేదేముంది?

ఆ మంగళవారం మధ్యాహ్నం సామాన్ల కొట్టుకి వెళ్ళాడు. కొట్టతను కుర్రవాడేం కాదు, కానీ తాను చెప్పడమే తప్ప ఎదుటివాళ్ళు చెప్పేది వినే రకం కాదు. చీమలు అనగానే ఎర్ర మూత డబ్బా ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"రెండు చెంచాలు చాలు బాబాయ్. చీమలే కాదు, బొద్దింకలు, తేళ్ళు, ఏదీ ఉండదు. పెరట్లో కప్పలు కూడా ఉండవు."

చిన్నోడు డబ్బా తిప్పి చూశాడు. చదివింది మూడో తరగతి, అయినా పుర్రె బొమ్మకి చదువక్కర్లేదు. డబ్బా మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

"రొట్టెలకి" అన్నాడు.

"రొట్టెలకి చీమల మందేంటి బాబాయ్?"

ఎలా విప్పి చెప్పాలో తెలియలేదు. కట్టె, పొగ, గచ్చు, రొట్టె, పిల్లవాడి పెదవి, ఇంతా చెప్పాలి. అన్నయితే నిమిషంలో చెప్పి, కొట్టతన్ని నవ్వించి, కావలసింది తెలుసుకుని వచ్చేవాడు. చిన్నోడు తలూపి బయటికొచ్చేశాడు. వెనక నుంచి కొట్టతను, "ఇంతకీ ఏం కావాలి నీకు?" అని అరవడం వినపడింది.

బుధవారం బేకరీలో సీసా అడుగున మిగిలిన వెనిగర్ తెచ్చుకుని నీళ్ళు కలిపి, గుడ్డతో చీమల బారంతా తుడిచాడు. చీమలు తికమకపడ్డాయి. ఎటు పోవాలో తెలియక గుండ్రంగా తిరిగాయి. అతనికి కొంచెం జాలి కూడా వేసింది. గురువారం తెల్లారి చూస్తే తుడిచిన చోటుకి జానెడు ఇవతల కొత్త బారు, ఏమీ జరగనట్టు.

గురువారం మసి పొయ్యి బూడిద ఒక గోనెసంచి నిండా ఇచ్చాడు. "నా తరఫున చీమలకి పొడి దుప్పటి" అన్నాడు. చిన్నోడు ఆ బూడిద దొంతర చుట్టూ మూడు వేళ్ళ మందాన పోశాడు. చీమలు దాని అంచు దాకా వచ్చి ఆగాయి. సాయంత్రం దాకా అక్కడే నిలబడి చూశాడు, ఒక్కటి దాటలేదు. ఆ సంతోషంలో బన్నులు రెండూ మామూలుగా తన చోట్లోనే కూర్చుని తిన్నాడు. తెల్లారేసరికి మంచుకి బూడిద తడిసి గట్టిపడి, గచ్చు వేసినట్టయింది. దాని మీదుగా చీమలు నున్నటి రోడ్డు మీద పోయినట్టు పోతున్నాయి.

శుక్రవారం బట్టల తీగ కంటబడింది. ఒక కొస గోడ మేకుకి, రెండో కొస దొంతర పక్క గుంజకి కట్టి ఉంది. చీమలు ఆ తీగ మీద కూడా నడుస్తున్నాయి. తీగ విప్పేశాడు. గోడ మీంచి వాలిన పాదు తీగలు కోసేశాడు. బేకరీకి తీసుకెళ్ళే ప్రతి కట్టెనీ రాయికేసి రెండు దెబ్బలు కొట్టి మరీ బండిలో వేశాడు. చేతులు బొబ్బలెక్కాయి. అయినా శనివారం పొద్దున్న కట్టెలు దింపుతుంటే మసి వేలితో ఒక చీమని ఎత్తి చూపించాడు. ఈసారి హాస్యమాడలేదు.  మసి హాస్యం మానేశాడంటే ఇక తన పని అయిపోయినట్టే.

బేకరీ ఆవిడా చూసింది. బన్నులు ఇచ్చింది.

ఇంటికొచ్చి చిన్నోడు గొడ్డలి ముట్టుకోలేదు. పెరట్లో గొంతుకూర్చుని దొంతర కేసి చూస్తూ ఉండిపోయాడు. సోమవారం తర్వాత పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలి? బండి తోసుకుని ఏ సందులోకి తిరగాలి? ఎవరు పిలుస్తారు చిన్న మావయ్యా అని? తాను మాట్లాడకపోయినా ఎవరో ఒకరు తనతో మాట్లాడడం ఎంత అవసరమో ఈ పద్నాలుగు నెలల్లోనే తెలిసింది. ఆ ఒక్క గుమ్మం కూడా మూసుకుంటే, తన గొంతు తనకే గుర్తుండదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. కదలకుండా కూర్చోవడం అతనికి చేతనైన పని. అలా కూర్చుని చూస్తుండగా ఒక చీమ అతని పాదం పక్కనుంచి పోయింది. నోట్లో తెల్లటి పలుకు ఒకటుంది. దాని వెనక ఇంకోటి, దాని నోట్లోనూ తెల్లటిదే. అవి దొంతరలోకి పోవడం లేదు, దొంతరలోంచి వస్తున్నాయి.

చీమలు కట్టెలోకి ఎలా వస్తున్నాయనే చూశాడు ఇన్నాళ్ళూ. ఏం పట్టుకుపోతున్నాయో చూడలేదు.

మోకాళ్ళ మీద పాకుతూ ఆ బారు వచ్చిన దారి వెంట వెళ్ళాడు. కొత్త కట్టెలు దాటాడు. తూర్పు చివరకి వచ్చాడు. సరిగ్గా అతను రోజూ కూర్చునే చోటు కింద, రెండు కట్టెల సందులోంచి చీమలు ఊరుతున్నాయి. వేలు పెట్టి గీరాడు. గోట్లో మెత్తగా, తడిగా ఏదో వచ్చింది. వాసన చూశాడు. పులిసిన బన్ను పొడి. మధ్యలో పంచదార పలుకులు మెరిశాయి.

"కట్టెల దగ్గర కూచుని తినకు, లోపలికి పో."

చిన్నోడు అలాగే మట్టిలో కూర్చుండిపోయాడు. ఎందుకంట అని అన్నని యాభై ఏళ్ళలో ఎన్నిసార్లు అడిగాడో. చీమలొస్తాయిరా అని ఒక్క ముక్క అంటే ఏం పోయేది? ముక్కు మీద కోపం, నోటి నిండా మాటలు, అందులో కావలసిన మాట ఒక్కటీ లేదు. మొదటిసారి అన్న మీద నిజంగా కోపం వచ్చింది. కోప్పడడానికి మనిషి లేడు. ఎదురుగా ఆయన పేర్చిన కట్టెలున్నాయి.

ఇప్పుడు చెయ్యవలసింది ఏమిటో తెలుసు. ఆ నాలుగడుగులూ విప్పాలి. విప్పి మొదలంటా శుభ్రం చెయ్యాలి. లేచి నిలబడి పై వరసలో కట్టె మీద చెయ్యి వేశాడు. తీయలేదు. పొద్దు గోడ అంచుకి దిగేదాకా అలాగే నిలబడ్డాడు. ఆ రోజు బన్నులు తినలేదు.

ఆదివారం బేకరీకి సెలవు, పొద్దున్నే మొదలుపెట్టాడు.

పై వరస తీశాడు. అన్న చెయ్యి ఇంత నేర్పుగా ఉంటుందని అప్పుడు తెలిసింది. బెరడు పైకి ఉండేట్టు, లావు కొస ఒకసారి అటు, ఒకసారి ఇటు. మూడు వరసలకొకసారి కట్టెలు అడ్డంగా, గాలి పోవడానికి. గోడకి ఆనకుండా అరచెయ్యంత ఎడం, ఆ ఎడం తగ్గకుండా మధ్యమధ్య చిన్న చెక్క ముక్కలు. ఎక్కడా పుచ్చిన కట్టె లేదు. ఊడే బెరడున్నది లేదు. ఒక్కో వరసా తీస్తుంటే ఒక్కోటీ కనపడుతోంది.

అడుగు వరస తీశాడు. కింద నాలుగు పలకరాళ్ళు, వాటి మధ్య పొడి బూడిద, బొగ్గు నలిపి కలిపిన పొర. ఆ రాళ్ళు చూడగానే గుర్తొచ్చింది. అలాంటివే ఇంకో పన్నెండు పెరటి మూలన పడి ఉన్నాయి. దొంతర ఖాళీ అయినప్పుడల్లా పెద్దోడు వాటిని కడిగి, ఎండబెట్టి, మళ్ళీ పరిచేవాడు. పనిలేక రాళ్ళు కడుగుతున్నాడనుకునేవాడు చిన్నోడు. పద్నాలుగు నెలలుగా తాను కట్టెల్ని వట్టి నేల మీద, గోడకి ఆనించి పేరుస్తూ వచ్చాడు. ఆ కొత్తవాటి మీదుగా చీమలు ఈ చివరకి దారి వేసుకున్నాయి. ఇక్కడ వాటికి రోజూ రెండు బన్నుల విందు. రాళ్ళ మధ్య బొగ్గు పొర మీద బన్ను పొడి రొట్టెలా అట్ట కట్టింది. దాని కింద తెల్లటి గుడ్లు కుప్పలుగా ఉన్నాయి.

అడిగితే చెప్పనివాడు, విప్పితే అన్నీ చెప్పాడు.

ఆ రోజంతా చిన్నోడు అన్న చెప్పింది చేశాడు. రాళ్ళు పదహారూ కడిగాడు. నేల గీకి, మరుగునీళ్ళు పోశాడు. బూడిదలో బొగ్గు నలిపి, ఈసారి మంచు తగలకుండా కట్టెల కింద, రాళ్ళ మధ్య పరిచాడు. ప్రతి కట్టెనీ రాయికేసి కొట్టి, ఎండలో ఒక్కోటిగా ఆరేశాడు. పెరడంతా నడవడానికి చోటు లేకుండా పోయింది. చీమలు గుడ్లు నోట కరుచుకుని గోడ దాటి పోతుంటే అడ్డం రాలేదు. పొండి, పొండి అని మనసులోనే అనుకున్నాడు. నడుం పట్టేసింది. మధ్యాహ్నం ఇంట్లోకి వెళ్ళి, నిలబడే రెండు మెతుకులు తిని వచ్చాడు.

సాయంత్రానికి కొత్త కట్టెలన్నీ రాళ్ళ మీదికి ఎక్కాయి. మూడు వరసలకొకసారి అడ్డం వేశాడు. గోడకి అరచెయ్యి ఎడం వదిలాడు. మిగిలింది అన్న కట్టెలు. పేర్చడానికి చోటుంది. అయినా పేర్చలేదు. బండిలో వేశాడు. పద్నాలుగు నెలలు ఎండిన కట్టె. నీళ్ళు చుక్క లేకుండా తేలిగ్గా, ఒకదానికొకటి తగిలితే గంట కొట్టినట్టు మోగుతోంది. ఇంతకంటే మంచి కట్టె ఆ బేకరీకి ఏనాడూ వెళ్ళలేదు.

సోమవారం ఆరింటికి సందులో బండి ఆపాడు. ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"పదింటికి వస్తారు గ్యాసు వాళ్ళు" అంది.

చిన్నోడు తలూపి, ఖాళీ పిండి సంచి తెల్లగుడ్డ ఒకటి కావాలన్నట్టు చెయ్యి చూపించాడు. అది నేల మీద పరిచాడు. బండిలోంచి ఒక కట్టె తీసి గుడ్డ మీద కొట్టాడు. కాస్త బెరడు పొడి రాలింది. ఇంకోటి తీశాడు. కొట్టాడు. మసి పొయ్యి వదిలి వచ్చి పక్కన గొంతుకూర్చున్నాడు. పది కట్టెలు, ఇరవై కట్టెలు. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని వంగి మరీ చూసింది. పొడే తప్ప కాళ్ళున్నదేదీ కనపడలేదు.

"ఒక్కటీ లేదే" అన్నాడు మసి. "నాకేం తోచదిప్పుడు. వారం రోజుల్లో వాటికి పేర్లు కూడా పెట్టుకున్నాను."

ఆవిడ ఒక కట్టె చేతిలోకి తీసుకుంది. తేలికకి ఆశ్చర్యపోయినట్టుంది.

"ఇంత ఎండిన కట్టె ఎక్కడిది మావయ్యా?"

"అన్న పేర్చింది."

ఆవిడ కట్టెని గుడ్డ మీద మెల్లగా పెట్టింది. అది విసిరే కట్టె కాదన్నట్టు పెట్టింది.

"ఇన్నాళ్ళూ ఉంచుకున్నావన్నమాట" అంది. "మరి చీమలు ఎలా పట్టాయి?"

"నేనే."

"నువ్వేంటి?"

ఇక్కడ ఆగిపోతే సరిపోదని చిన్నోడికి తెలుసు. పక్కన తన తరఫున మాట్లాడే మనిషి లేడు. గొంతు సవరించుకున్నాడు.

"అక్కడ కూచుని తిన్నాను. నువ్వు ఇచ్చిన బన్నులు. రోజూ. పొడి రాలింది. అన్న వద్దనేవాడు. ఎందుకో చెప్పలేదు. నేను తిన్నాను."

అంత పొడుగు మాట అతని నోట ఆ ఇద్దరూ ఎన్నడూ వినలేదు. 

"ఇంట్లో కూచుని తినలేకపోయావా మావయ్యా?" అంది ఆవిడ. మందలింపేం కాదు, మామూలుగానే అంది.

చిన్నోడు బండి తాడు చుట్టసాగాడు. రెండు చుట్లు చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు.  ఆవిడ లోపలికెళ్ళి టీ గ్లాసు తెచ్చి ఇచ్చింది. మసితో, "గ్యాసు వాళ్ళకి ఫోన్ చెయ్. ఇప్పుడే వద్దన్నానని చెప్పు" అంది. "ఇప్పుడే" అన్న మాట చిన్నోడు విన్నాడు. పది రోజులో, పది నెలలో. చాలు.

మసి ఆ పెద్దోడి కట్టెలు రెండు పొయ్యిలో పెట్టాడు. పొగ రాలేదు. చిటపటలాడకుండా, ఒక్కసారిగా పసుపుపచ్చగా అంటుకున్నాయి. చిన్నోడు టీ తాగుతూ వాటినే చూశాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా కాసేపు పట్టుకునే ఉన్నాడు.

వెళ్ళబోతుంటే ఆవిడ కాగితం పరిచి, పళ్ళెంలోంచి రెండు బన్నులు తీసి పెట్టింది. చుట్టబోతోంది.

"ఒకటి చాలమ్మా" అన్నాడు చిన్నోడు.

ఆవిడ చెయ్యి కాగితం మీదే ఆగిపోయింది. రెండు బన్నుల కేసీ చూసింది. పద్నాలుగు నెలలు తాను ఏం చుడుతూ వచ్చిందో ఆవిడకి అప్పుడే తట్టినట్టుంది.  ఒకటి తీసి పళ్ళెంలో పెట్టింది. మిగిలిన దాన్ని చుట్టి ఇచ్చింది. కాగితం పెద్దదైపోయి పొట్లం వదులుగా ఉంది.

సాయంత్రం చిన్నోడు ఇరుకు బల్ల దగ్గర కూర్చున్నాడు. బన్ను పళ్ళెంలో పెట్టుకున్నాడు. ఎదుటి స్టూలు ఖాళీగానే ఉంది. మోకాళ్ళు దేనికీ తగల్లేదు. అంత ఇరుకు బల్ల కింద ఇంత చోటుందా అనిపించింది. చిన్న చిన్న ముక్కలు తుంచుకుని, తింటున్న చప్పుడు తనకే వినపడుతుంటే, మొత్తం తిన్నాడు. పళ్ళెంలో కొంచెం పొడి మిగిలింది.

పళ్ళెం పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. రాళ్ళ మీద దొంతర తిన్నగా, శుభ్రంగా నిలబడి ఉంది. తూర్పు చివర నాలుగడుగుల ఖాళీ. ఎటు చూసినా ఒక్క చీమ లేదు. వారం రోజులు వాటితో తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడవి కూడా లేవు.

దొంతరకి దూరంగా, పెరటి అవతలి గోడ మొదట్లోకి వెళ్ళి పళ్ళెం బోర్లించి తట్టాడు. పొడి మట్టిలో పడింది. పక్కనే గొంతుకూర్చుని కాసేపు చూశాడు. గోడ పగుల్లోంచి ఒకటి వచ్చింది. మీసాలాడించింది. వెళ్ళిపోయి నాలుగింటిని వెంటబెట్టుకొచ్చింది.

చిన్నోడు వెనక్కి తిరిగి కట్టెల కేసి చూశాడు, మళ్ళీ వాటి కేసి చూశాడు.

"ఇక్కడే తినండి. కట్టెల దగ్గరికి రాకండి" అన్నాడు పైకే. తన గొంతు పెరట్లో వింతగా వినపడింది. అవి ఎందుకని అడిగినట్టు, మళ్ళీ అన్నాడు.

"ఎందుకేంటి. చెప్పింది చెయ్యండి."